ఆ కుర్చీ ఖాళీగా ఉండదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో గ్రూప్ థెరపీ (మనసు బాగోలేనివాళ్లు థెరపిస్టు దగ్గర గుంపుగా కూర్చుని మాట్లాడుకునే చికిత్స) మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంగా చదివాను. రెండోసారి ఒళ్లు మండింది. వ్యాసం మధ్యలో ఒక బాక్సు కట్టి 'గ్రూపుకు తలనొప్పిగా మారే సభ్యులు' అని పెట్టారు. మాట ఆపనివాళ్లు, నోరు విప్పనివాళ్లు, ఏం చెప్పినా 'అవును, కానీ' అనేవాళ్లు, థెరపిస్టు మీదే ఎదురు తిరిగేవాళ్లు అంటూ వరసగా రాశారు. చివర్లో సలహా ఏమిటంటే, రెండు మూడుసార్లు చెప్పి చూసి, వినకపోతే అలాంటివాళ్లను తొందరగా వదిలించుకోవాలి, అప్పుడే మిగతావాళ్లు బాగుపడతారు అని.

ఆ బాక్సులో మొదటి రకం నేనే. కొన్నేళ్ల కిందట పద్నాలుగు నెలలపాటు అలాంటి ఒక గ్రూపులో కూర్చున్నాను. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, గొంతు ఎలాగూ పెద్దదే. నన్ను వదిలించుకుని ఉంటే ఏమయ్యేదో గానీ, నాకంటే ముందు మేమంతా కలిసి ఒకాయన్ని వదిలించుకున్నాం. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

గ్రూపులో విన్నది గది దాటకూడదన్నది మాకు మొదటి రోజే పెట్టిన షరతు. అందుకని ఇక్కడ రాసే మనుషుల ఆనవాళ్లన్నీ మార్చేశాను. ఎవరు ఆడ, ఎవరు మగ, ఎవరి వయసెంత అన్నవి నమ్మకండి. నా సంగతి నాదే కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నా భార్య పోయిన ఏడో నెలకి నాకు నిద్ర పూర్తిగా పోయింది. డాక్టరు మందులు రాసి, వాటితోపాటు గ్రూపులో కూడా చేరమన్నారు. "పదిమంది ముందు కూర్చుని ఏడవమంటారా?" అని అడిగాను. "ఏడవక్కర్లేదు, కూర్చోండి చాలు" అన్నారు. చేరకముందు మేడమ్ నాతో విడిగా రెండుసార్లు మాట్లాడారు. థెరపిస్టును మేమంతా మేడమ్ అనే పిలిచేవాళ్లం. గుంపులో మాట్లాడటం మీకు అలవాటేనా అని అడిగితే నవ్వొచ్చింది. ముప్పై ఏళ్లు గుంపులోనే బతికానన్నాను. ఆవిడ అదేదో రాసుకున్నారు.

వారానికొకసారి, గంటన్నర సేపు. గుండ్రంగా పది కుర్చీలు. మేం ఎనిమిదిమంది, మేడమ్, ఆవిడ ఎదురుగా శిక్షణలో ఉన్న ఒక కుర్రాడు. మధ్యలో బల్ల కూడా ఉండదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మొదటి నెలంతా ఎవరికీ తెలియలేదు. టిష్యూల డబ్బా ఒక్కటే ఉండేది, అది ఎప్పుడు చూసినా కావలసిన మనిషికి ఆ చివరనే ఉండేది.

మొదటి వారం నుంచీ ఒకాయన లేటుగా వచ్చేవాడు. పేరు రాయకూడదు కాబట్టి లేటాయన అంటాను. పది నిమిషాలు, ఒక్కోసారి పావుగంట. తలుపు తోసుకుని వచ్చి, కుర్చీని కిర్రుమని లాగి కూర్చుని, "నేను రాకముందే అందరికీ నయమైపోయిందా?" అనేవాడు. మేడమ్ ఏదైనా అడిగితే, "మీకెవరైనా పోయారా మేడమ్? లేక పుస్తకాల్లో చదివి చెబుతున్నారా?" అని ఎదురు అడిగేవాడు. మేం ఏడుగురం మొహాలు చిట్లించేవాళ్లం. నిజం చెప్పాలంటే, ఆ ప్రశ్న నా నాలుక చివరా ఉంది. ఇంత చిన్న వయసావిడకి చావు గురించి ఏం తెలుసని నేనూ అనుకున్నాను. ఆయన అడుగుతున్నాడు కదా, మనం మర్యాదస్తులుగా ఉండిపోవచ్చు అన్నట్టు కూర్చున్నానంతే.

మా గ్రూపులో ఒకమ్మాయి ఉండేది. ఐదు వారాలు ఒక్క మాట మాట్లాడలేదు. చేతిలో పెన్ను పట్టుకుని దాని క్యాప్ తీస్తూ పెడుతూ ఉండేది. ఆరో వారం వాళ్ల నాన్న గురించి రెండే రెండు వాక్యాలు చెప్పింది. గది మొత్తం ఊపిరి బిగబట్టి వింటోంది. లేటాయన, "ఇది రాసుకుని బట్టీపట్టి వచ్చినట్టుంది" అన్నాడు.

ఇక చూడండి. ఆ పిల్ల తప్ప ఆరుగురం ఒక్కసారిగా ఆయన మీద పడ్డాం. అందరికంటే గట్టిగా అరిచింది నేనే, బస్సులో అరిచిన గొంతుతో. "మనిషివేనా నువ్వు?" అన్నాను. ఐదు వారాల లేట్లు, ఐదు వారాల ఎగతాళి, అన్నీ తవ్వి ఆయన ముందు పోశాం. మేడమ్ రెండుసార్లు ఆపబోయారు గానీ మా నోళ్ల ముందు ఆవిడ మాట నిలబడలేదు. ఆయన తల ఎత్తి ఒక్కసారి చుట్టూ చూశాడు. "సరే" అన్నాడు. ఆ రోజు మాత్రం కుర్చీని చప్పుడు కాకుండా వెనక్కి జరిపి లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మేడమ్ రెండుసార్లు ఫోన్ చేశారట. మళ్లీ రాలేదు.

ఆయన కుర్చీ తీసి గోడ వారన పెట్టేశారు. మాకెంత హాయిగా ఉందంటే, తర్వాతి వారం అందరూ ఐదు నిమిషాలు ముందే వచ్చేశారు. "ఇప్పుడు కదా గ్రూపంటే" అని నేనే అన్నాను. పెన్ను క్యాప్ అమ్మాయిని ఓదార్చాం. ఒకరి మాటకు ఒకరం తల ఊపుకున్నాం. రెండు వారాలు అలా గడిచాక ఎవరికీ మాట్లాడేందుకు ఏమీ మిగల్లేదు. నిద్ర మాత్రల గురించీ, వానల గురించీ మాట్లాడుకున్నాం. పోట్లాడుకోవడానికి మనిషి లేడు. ఎవరి కోపం వాళ్ల ఒళ్లోనే పెట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

అప్పుడు నేను మొదలుపెట్టాను.

ఏం మాట్లాడానో ఇప్పటికీ గుర్తే. ఏ తారీఖున ఏ టెస్టు చేశారు, ఎంత వచ్చింది, ఏ డాక్టరు ఏమన్నాడు, రెండో డాక్టరు దానికి అడ్డంగా ఏమన్నాడు, స్కానింగుకు ఎన్ని గంటలకు బయలుదేరాం, లిఫ్టు పనిచేయక ఎన్ని మెట్లు ఎక్కాం. ఎవరైనా తమ బాధ చెప్పబోతే "మా ఆవిడకీ సరిగ్గా అంతే" అని అందుకునేవాణ్ణి. ఒకరోజు శిక్షణ కుర్రాడు లెక్క వేశాడట, తొంభై నిమిషాల్లో యాభై రెండు నిమిషాలు నావే. ఒకాయన పైకప్పు చూసేవాడు. ఒకావిడ వాచీ చూసుకునేది. నాకు కనపడేది. కనపడినకొద్దీ ఇంకా వేగంగా చెప్పేవాణ్ణి, ముగించేస్తే వినడం మానేస్తారన్నట్టు.

మీ వ్యాసం ప్రకారం ఆ దశలో నన్ను హెచ్చరించాలి, వినకపోతే బయటికి పంపాలి. మేడమ్ ఏం చేశారో చెబుతాను.

నేను అలా మొదలుపెట్టాక ఐదో వారం, ఏదో రిపోర్టు మధ్యలో ఉండగా, ఆవిడ చెయ్యి కొంచెం ఎత్తి, "ఒక్క నిమిషం ఆగుతారా? మిమ్మల్ని తక్కువ మాట్లాడమనడం లేదు. ఇంత విన్నా మీరెవరో మాకు ఇంకా తెలియలేదు. అది తెలుసుకోవాలనుంది" అన్నారు. నాకు అవమానంగా అనిపించలేదు, అర్థమూ కాలేదు. తర్వాత ఆవిడ నావైపు కాకుండా మిగతావాళ్ల వైపు తిరిగి, "ఐదు వారాలుగా ఈయనొక్కరే మాట్లాడుతున్నారు, మీలో ఒక్కరూ ఆపలేదు. ఆపకపోవడం వల్ల మీకేం కలిసొస్తోంది?" అని అడిగారు.

గడియారం చప్పుడు వినపడింది. ముందుగా పెన్ను క్యాప్ అమ్మాయే మాట్లాడింది. "అంకుల్ మాట్లాడినంతసేపూ నా వంతు రాదు. నాకది బాగుంది" అంది. అంత ధైర్యంగా ఆ పిల్ల మాట్లాడటం అదే మొదటిసారి. వాచీ చూసుకునే ఆవిడ, "నాకు పిచ్చి కోపం. ఆపమంటే మళ్లీ ఆ లేటాయన సంగతి అవుతుందేమోనని ఊరుకున్నాను" అంది. పైకప్పు చూసే ఆయన, "ఆపితే ఈయన ఏడుస్తాడు. మగాడు ఏడుస్తుంటే చూడలేను. నన్ను చూసుకున్నట్టుంటుంది" అన్నాడు.

చూశారా, నా నోరు నా ఒక్కడిది కాదు. తిలాపాపం తలా పిడికెడు. ఒకరికి దాక్కోవడానికి, ఒకరికి లోపల్లోపల కోప్పడటానికి, ఒకరికి తన ఏడుపు తాను ఆపుకోవడానికి పనికొచ్చింది.

అప్పుడు మేడమ్ నన్ను అడిగారు, "మాట ఆపితే ఏమవుతుందండీ?" అని. ఏదో జవాబు చెప్పబోయాను, రాలేదు. ఎంతసేపు ఊరుకున్నానో తెలియదు. ఆ తర్వాత ఎవరికీ చెప్పని సంగతి బయటికొచ్చింది. మా ఆవిడ చివరి రోజు మాట పడిపోయింది. "ఆమెకు వినపడుతూ ఉండొచ్చు, మాట్లాడుతూ ఉండండి" అని ఎవరో అన్నారు. మంచం పక్కన స్టూలు వేసుకుని, చెయ్యి పట్టుకుని, ఆ మాటా ఈ మాటా చెబుతూ కూర్చున్నాను. నా మొదటి రూటు, దారిలో వచ్చే స్టాపులు వరసగా చెప్పాను, ఆమెకు ఆ రూటంటే ఇష్టం. నర్సు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆమె పోయి అప్పటికి ఎంతసేపైందో నాకు తెలియదు. నేను మాట్లాడుతూనే ఉన్నాను.

టిష్యూల డబ్బా యథాప్రకారం ఆ చివర ఉంది. దాన్ని చేతులు మార్చుకుంటూ నా దాకా పంపారు. ఇంకేమీ అనలేదు ఎవరూ. మగాడి ఏడుపు చూడలేనన్న ఆయన చూశాడు.

ఇప్పుడు చెప్పండి, నేను ఏ రకం? 'మాట ఆపనివాడు' అన్న బాక్సు తప్పని అనను. కానీ దానివల్ల తెలిసింది నేను చేస్తున్న పనే, ఎందుకు చేస్తున్నానో దానివల్ల తెలియదు. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి మొండివాడని తిట్టిన కండక్టర్లను చాలామందిని చూశాను, నేనూ తిట్టాను. లోపలికి తొంగి చూస్తే తెలిసేది, వాడికి లోపల అడుగు పెట్టే చోటే లేదని.

తర్వాత నాకు ఈ విషయం మీద ఆసక్తి పుట్టింది. రిటైరైనవాడికి చదువుకోవడానికి టైముకేం తక్కువ. 1905లో బోస్టన్ నగరంలో జోసెఫ్ ప్రాట్ అనే డాక్టరు, శానటోరియంలో (క్షయ రోగుల్ని ఉంచి వైద్యం చేసే ఆసుపత్రిలో) ఉండే స్తోమత లేని క్షయ రోగుల్ని వారానికొకసారి ఒక గదిలో కూర్చోబెట్టాడు. విశ్రాంతి, తిండి, శుభ్రత గురించి పాఠం చెప్పడమే ఆయన ఉద్దేశం. కానీ పాఠం కంటే, ఒకే జబ్బున్నవాళ్లు ఒకరినొకరు చూసుకోవడమే ఎక్కువ పనిచేస్తోందని ఆయనకు అర్థమైంది. గ్రూప్ థెరపీ చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు.

ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్‌లో నార్త్‌ఫీల్డ్ సైనిక ఆసుపత్రిలో మనసు దెబ్బతిన్న సైనికులకు గుంపుగా చికిత్స చేశారు. అక్కడ పనిచేసిన విల్ఫ్రెడ్ బయాన్ అనే మానసిక వైద్యుడు చెప్పినదాంట్లో నాకు రెండు మాటలు బాగా నచ్చాయి. గుంపు ఒక పని కోసం కూర్చున్నా, లోపల్లోపల ఇంకో పనిలో ఉంటుందన్నాడు. ఎవరి మీదో పూర్తిగా ఆధారపడటమో, ఎవరితోనో పోరాడటమో పారిపోవడమో, ఇద్దరు జతకడితే వాళ్ల వల్ల ఏదో మేలు జరుగుతుందని ఎదురుచూడటమో. మాకు పోరాడటానికి లేటాయన దొరికాడు. రెండోది, రసాయన శాస్త్రంలోని వేలెన్సీ (ఒక పరమాణువుకు ఇంకోదానితో కలిసే శక్తి) అనే మాటను ఆయన మనుషులకు వాడాడు. గుంపులో అలా ఒక పాత్రకు అతుక్కుపోయే గుణం ప్రతి మనిషిలోనూ ఎంతో కొంత ఉంటుందట. లేటాయన పోగానే ఖాళీ అయిన తలనొప్పి పదవి నాకే ఎందుకు దక్కిందో ఆ మాటతో తెలిసొచ్చింది. పెన్ను క్యాప్ అమ్మాయికి అది ఏ జన్మకీ దక్కేది కాదు. ముప్పై ఏళ్ల గొంతూ, ఆపితే భయం వేసే మనసూ ఉన్నవాణ్ణి, నేను దానికి సిద్ధంగా కూర్చున్నాను.

అదే నార్త్‌ఫీల్డ్‌లో పనిచేసిన ఎస్. హెచ్. ఫోక్స్ అనే ఆయన గ్రూపు నడిపేవాణ్ణి నాయకుడు అనకుండా 'కండక్టర్' అన్నాడు. వాద్యబృందాన్ని నడిపించే కండక్టరు లెండి, నాలాంటివాడు కాదు. అయినా చదివినప్పుడు కాసేపు కాలరెగరేశాను.

మీ బాక్సులోని 'అవును, కానీ' వాళ్ల గురించీ రాయాలి. ఈ రకానికి 1952లోనే జెరోమ్ ఫ్రాంక్ అనే మానసిక వైద్యుడు, ఆయన సహచరులు పేరు పెట్టారు. సాయం అడుగుతూనే వచ్చిన సాయాన్ని తిప్పికొట్టేవాళ్లని. ఎరిక్ బెర్న్ అనే ఇంకో మానసిక వైద్యుడు దీన్నే మనుషులు ఆడే ఒక ఆటగా చూపించాడు. మా గ్రూపులో వాచీ చూసుకునే ఆవిడే ఇది. "అక్కతో ఓసారి మాట్లాడి చూడండి" అంటే, "అవును, కానీ ఆవిడ ఫోన్ ఎత్తదు". "ఉత్తరం రాయండి" అంటే, "అవును, కానీ చదవదు". మేం ఆరుగురం పోటీలు పడి సలహాలిచ్చి ఒకరోజు పన్నెండో పదమూడో సలహాల దగ్గర అలిసిపోయాం. మేడమ్ మాత్రం ఒక్క సలహా ఇవ్వలేదు. "మీరు చెప్పింది వింటుంటే ఇది ఇప్పట్లో తెగేలా లేదు. ఇంత బరువు ఇన్నేళ్లుగా మోస్తున్నారా!" అన్నారు. ఆవిడ 'అవును' అని, అలవాటుగా 'కానీ' అనబోయి ఆగిపోయింది. కాదనడానికి అక్కడేమీ లేదు. చిన్నగా నవ్వేసింది. ఎవరైనా సాయం చేసేస్తే, ఇక తనని పట్టించుకునే అవసరం ఎవరికీ ఉండదన్నది ఆవిడ భయమట. అది బయటపడటానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

ఇంకో సంగతి, ఆ రోజు సలహాల వాన కురిపించిన ఆరుగురిలో నేనూ ఉన్నాను. సలహా ఇచ్చేవాణ్ణి ఎవరూ తలనొప్పి అనరు. మీ బాక్సులో కూడా లేడు. కానీ ఫ్రాంక్ బృందం ఆ రోజుల్లోనే 'డాక్టరు గారి అసిస్టెంటు' అని ఇంకో రకాన్ని కూడా చెప్పింది. ఎప్పుడూ ఎదుటివాళ్లకి వైద్యం చేస్తూ తన జబ్బు దాచుకునేవాడు. చాలా మంచి మనిషిలా కనపడతాడు. వాడి వంతు మాత్రం ఎప్పటికీ రాదు.

నోరు విప్పనివాళ్ల గురించి ఎక్కువ రాయను. మేడమ్ పెన్ను క్యాప్ అమ్మాయిని 'ఎందుకు మాట్లాడవు' అని ఒక్కసారీ అడగలేదు. ఒకరోజు సెషన్ చివర, "ఇవాళ నీ పెన్ను క్యాప్ నాలుగుసార్లు కింద పడింది, నాలుగుసార్లూ ఎవరో ఒకరు అరుస్తున్నప్పుడే" అన్నారు. ఆ పిల్ల క్యాప్ వైపు అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. "మా ఇంట్లో అరుపులు మొదలైతే నేను వస్తువులు పట్టుకునేదాన్ని, పగలకుండా" అంది. ఐదు వారాల మౌనంలో ఆ పిల్ల ఊరికే కూర్చోలేదు, కాపలా కాస్తోంది. లేటాయన మీద నేను అరిచిన రోజున, తన తరఫున అరుస్తున్నాననుకున్నాను. ఆ రోజు తనకి అందరికంటే భయం వేసింది నన్ను చూసేనట.

గొడవపడేవాళ్ల గురించి మీ వ్యాసకర్త 'గ్రూపు దారి తప్పిందనడానికి గుర్తు' అని రాశారు. దీనికి మాత్రం ఒప్పుకోను. 1965లో బ్రూస్ టక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అప్పటిదాకా గుంపుల మీద వచ్చిన పరిశోధన వ్యాసాలు యాభై ముందేసుకుని చూసి, గుంపులు దాటే నాలుగు దశలు చెప్పాడు. కూడటం, కొట్లాడుకోవడం, కుదురుకోవడం, పనిలో పడటం. ఈ వరస ఇప్పుడు ఆఫీసు ట్రైనింగుల్లో కూడా చెబుతారు. ఆయన చూసినవాటిలో ఎక్కువ భాగం థెరపీ గ్రూపులవే. ఆ కొట్లాట దశలో థెరపిస్టు మీద కోపం రావడం సహజం. మాలో ఆ కోపం అందరికీ ఉంది, పైకి చూపించింది మాత్రం లేటాయన. ఆయన్ని గెంటేసి మేం కొట్లాట దశ దాటామనుకున్నాం. దాటలేదు, వాయిదా వేసుకున్నాం.

బైబిల్ పాత నిబంధనలో లేవీయకాండంలో రెండు మేకల ప్రస్తావన వస్తుంది. ఒకదాన్ని బలి ఇస్తారు. రెండోదాని తల మీద చేతులుంచి, జనం చేసిన పాపాలన్నీ దాని మీద మోపి అడవిలోకి తోలేస్తారు. జనం తేలికపడి ఇళ్లకు పోతారు. మాకూ రెండు వారాలు అలాగే తేలిగ్గా ఉంది.

ఆయన ఎందుకు లేటుగా వచ్చేవాడో మాకు ఇప్పటికీ తెలియదు. ఆరు వారాల్లో మా ఏడుగురిలో ఒక్కరూ అడగలేదు. గడియారం వైపు మాత్రం చూశాం. ఏడాది చివర్లో ఒకసారి ఆయన మాట వచ్చినప్పుడు మేడమ్ ఒక మాట అన్నారు: "ఆ రోజు మీ అందరినీ గట్టిగా ఆపి, మీరు ఆయన మీద ఏం దింపుకుంటున్నారో అడిగి ఉండాల్సింది. నా చేతకాలేదు. ఆయన నన్ను అడిగిన ప్రశ్నకి నాకూ మనసులో కోపంగానే ఉండింది." ఒక వైద్యురాలు పేషెంట్ల ముందు అలా ఒప్పుకోవడం నేనెక్కడా చూడలేదు. ఆ తర్వాత ఆవిడ మీద నాకు గురి ఇంకా పెరిగింది.

అన్నీ భరించాలని నేననడం లేదు. తాగి వచ్చినా, కొడతానని బెదిరించినా, గదిలో విన్నది బయట చెప్పినా కూర్చోనివ్వకూడదు. అది మా షరతుల్లోనూ ఉంది. చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు అనిపించడం బాగా ఎక్కువైనప్పుడు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ముంచుకొస్తున్నప్పుడు మనిషికి ముందు కావలసింది వేరే వైద్యం. అలాంటివాళ్లని తెచ్చి ఎనిమిదిమంది మధ్య కూర్చోబెడితే వాళ్లకూ నష్టమే, మిగతావాళ్లకూ నష్టమే. చేరకముందు విడిగా మాట్లాడేది అది తేల్చుకోవడానికే. వెళ్లిపోవలసినవాళ్లు కూడా ఉంటారు. కానీ వెళ్లేముందు ఆ మనిషితో విడిగా కూర్చుని మాట్లాడాలి, వెళ్లాక మిగిలినవాళ్లు దాని గురించి గదిలో మాట్లాడుకోవాలి. మా విషయంలో రెండోది నా వాగుడు ముదిరాక గానీ జరగలేదు.

మీ వ్యాసకర్తకు నా మనవి ఒక్కటే. ఆ బాక్సు మళ్లీ వేస్తే, ప్రతి రకం పక్కనా ఇంకో గడి గీయండి. ఈ మనిషి ఇలా ఉండటం వల్ల మిగతావాళ్లు ఏ పని తప్పించుకుంటున్నారని. అది నింపడం కష్టం. మమ్మల్ని అడిగినప్పుడు గడియారం చప్పుడు వినపడింది మరి.

ఉత్తరం బాగా పొడుగైందని తెలుస్తూనే ఉంది. జబ్బు పూర్తిగా నయం కాలేదనుకోండి. మీకు చోటు చాలకపోతే ఎక్కడ కోసినా నాకు అభ్యంతరం లేదు. చరిత్రంతా తీసేయండి, కండక్టరు గొప్పలు తీసేయండి, నా ఏడుపు కూడా తీసేయొచ్చు. లేటాయన సంగతి మాత్రం ఉంచండి. ఆయన పేపరు చదువుతాడో లేదో తెలియదు. ఒకవేళ చదివితే, ఎందుకు లేటయ్యేదో ఆ ఏడుగురిలో ఒకడు ఆలస్యంగానైనా అడిగాడని ఆయనకు తెలియాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)